చెన్నైలో పాత అమెరికన్ మజిల్ కారు: వేడి, పెట్రోలు, తుప్పు, ఖర్చు

1964 నుంచి 1973 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్, షెవర్లే కమారో, క్రైస్లర్ వారి డాడ్జ్ ఛార్జర్ లాంటి పెద్ద ఇంజన్ బండ్లను (మజిల్ కార్లను) చెన్నైలో పెట్టుకున్నవాళ్ళు ముందు హార్స్‌పవర్ సంగతి పక్కన పెట్టాలి. ఇక్కడ ఈ బండ్లను రోడ్డు మీద నిలబెట్టేసేవి రెండు: వేడి, ఇప్పటి పెట్రోలు. అవి చక్కబడ్డాక బ్రేకులు. కొత్త వీల్స్, పెద్ద సైలెన్సర్ ఆ తర్వాతే. ఈ వరస తప్పితే రోహిణి కార్తెలో మౌంట్ రోడ్డు సిగ్నల్ దగ్గర బానెట్ ఎత్తుకుని నిలబడాల్సి వస్తుంది.

వేడి

ఇంజన్ ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. సిగ్నళ్ళ దగ్గర సూది పైకి లేచి, బండి కదలగానే దిగుతుంటే లోపం గాలిలోనో టైమింగ్‌లోనో (అంటే ప్లగ్గులు నిప్పురవ్వ వేసే సమయంలో) ఉంది. ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద 80 వేగంతో పోతుండగా పెరుగుతుంటే నీరు సరిగ్గా తిరగడం లేదు: రేడియేటర్ గొట్టాలు పూడిపోయి ఉండాలి, లేదా కింది హోస్ లోపలి స్ప్రింగు లేక వాటర్ పంపు లాగుడికి హోస్ నొక్కుకుపోతుండాలి. ఇంజన్ రేస్ చేయించి ఆ హోస్ వైపు చూస్తే కంటికే కనబడుతుంది. తిరిగే ఫ్యాన్‌కు మాత్రం చేతులు దూరంగా ఉంచండి.

సిగ్నల్ దగ్గర వేడెక్కే బండికి మొదట ఫ్యాన్ ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) ఉందో లేదో చూడండి. చాలా బండ్లకు అది ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. ఫ్యాన్ రెక్కలు సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించమని చెప్పేవాళ్ళు చాలామంది. పెద్ద ఫ్యాన్ ఒక్కటే 20-30 ఆంపియర్లు లాగుతుంది, ఆ కాలపు ఆల్టర్నేటర్ మొత్తం ఇచ్చేదే 40 చిల్లర. ఆల్టర్నేటర్ మార్చకుండా ఆ పని చేయకండి.

తర్వాత టైమింగ్. వెనకబడిన టైమింగ్ వల్ల మంట ఆలస్యమై, వేడి సిలిండర్ హెడ్‌లోకి, అక్కడి నుంచి నీళ్ళలోకి పోతుంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీది వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పుతో టైమింగ్‌ను ముందుకు జరిపే పరికరం) గొట్టం పీకేసి బోల్టుతో మూసేసిన బండ్లు తరచు కనిపిస్తాయి. ఆ గొట్టాన్ని నోటితో పీల్చి చూడండి: లోపలి ప్లేటు కదలాలి, నాలుకతో మూస్తే అలాగే నిలబడాలి. బాగుంటే దాన్ని నేరుగా మానిఫోల్డ్ వాక్యూమ్‌కు (కార్బురేటర్ కింది గాలి గొట్టంలోని పీల్పుకు) కలపండి. ఐడ్లింగ్‌లో 10-15 డిగ్రీల అడ్వాన్స్ అదనంగా దొరుకుతుంది, ఇంజన్ చల్లగా తిరుగుతుంది. ఐడ్లింగ్ వేగం పెరుగుతుంది కాబట్టి స్క్రూ మళ్ళీ తగ్గించుకోవాలి.

"థర్మోస్టాట్ తీసేద్దాం సార్" అనే మాట షెడ్డులో తప్పకుండా వినిపిస్తుంది. ఒప్పుకోకండి. థర్మోస్టాట్ నిర్ణయించేది ఇంజన్ కనీస వేడిని మాత్రమే. 100 దాటిన ఇంజన్‌లో అది ఎప్పుడో పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, తీసేసినా అసలు జబ్బు అలాగే ఉంటుంది. అనుమానం ఉంటే గిన్నెలో నీళ్ళు పోసి, థర్మామీటర్ పెట్టి కాచి చూడండి. 82 డిగ్రీల థర్మోస్టాట్ ఆ దగ్గరలో తెరుచుకోవడం మొదలై, 95 లోపు పూర్తిగా తెరుచుకోవాలి.

బోరు నీళ్ళు రేడియేటర్‌లో పోయడం ఈ ఊళ్ళో అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ ఉప్పు లోపల గారలా పేరుకుంటుంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. 289 (క్యూబిక్ అంగుళాల ఇంజన్) మస్టాంగ్‌కు మొత్తం దాదాపు 14 లీటర్లు పడుతుంది. రేడియేటర్ మూతకు కూడా లెక్క ఉంది: ఒక్కో పీఎస్ఐ ఒత్తిడికి మరిగే స్థాయి సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. పాత రాగి రేడియేటర్‌కు తయారీదారు చెప్పిన ఒత్తిడిని మించకండి, అతుకులు విడిపోతాయి.

పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20లో అయిదో వంతు ఇథనాల్. దీనితో వచ్చే ఇబ్బందులు మూడు.

మొదటిది రబ్బరు. పాత హోస్‌లు, పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర), కార్బురేటర్ యాక్సిలరేటర్ పంపు మెత్తబడి చిట్లుతాయి. వేడి వీ8 మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. రబ్బరు హోస్‌లన్నీ ఇథనాల్ తట్టుకునే ఆర్9 రకానికి మార్చండి, పాత సైజు 5/16 అంగుళమో 3/8 అంగుళమో కొలిచి తీసుకోండి. రబ్బరు ఎంత తక్కువ పొడవుంటే అంత మంచిది, మిగతాదంతా ఉక్కు గొట్టమే. హోలీ కంపెనీ కార్బురేటర్‌కు ఇథనాల్ తట్టుకునే ఆకుపచ్చ డయాఫ్రమ్ విడిగా దొరుకుతుంది. సీటు పక్కన 2 కిలోల అగ్నిమాపక సిలిండర్ లేకుండా బండి బయటికి తీయకండి.

రెండోది మిశ్రమం. మామూలు పెట్రోలు ఒక పాలు మండటానికి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఈ20కి 13.5 చాలు. అంటే పాత జెట్లతో (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలతో) ఇంజన్‌కు పెట్రోలు తక్కువవుతుంది. పికప్ ఇచ్చేటప్పుడు తడబడుతుంది, ప్లగ్గులు తెల్లబడతాయి, వేడి పెరుగుతుంది. హోలీ అయితే 2 నంబర్లు పెద్ద జెట్లతో మొదలుపెట్టి, ప్లగ్గు లేత గోధుమరంగుకు వచ్చేదాకా సర్దండి. బెంగళూరులో ట్యూన్ చేయించిన బండిని ఇక్కడికి తెస్తే ఈ పని మరీ అవసరం. అక్కడ 900 మీటర్ల ఎత్తులో గాలి పలచన, అక్కడ సరిపోయిన జెట్ సముద్రమట్టానికి వచ్చేసరికి చాలదు.

మూడోది ఆవిరి. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. ఇంజన్ ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే తిరిగి తిరిగి అందుకోదు. కార్బురేటర్ కింద అర అంగుళం మందం ఫీనాలిక్ స్పేసర్ (వేడిని ఆపే గట్టి ప్లాస్టిక్ దిమ్మ) వేసి, పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్ట్‌కు దూరంగా జరపండి. అప్పటికీ తగ్గకపోతే మిగిలిన పెట్రోలు వెనక్కి పోయేలా ట్యాంకుకు రిటర్న్ లైన్ పెట్టించండి. ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెడితే ఒత్తిడి 5-6 పీఎస్ఐ దాటకూడదు. ఆయిల్ ప్రెషర్ పడిపోతే పంపు ఆగిపోయే స్విచ్ తప్పనిసరి.

ఇగ్నిషన్, ఆయిల్

పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటును తెంచే కాంటాక్టుల) గ్యాప్ ఫోర్డ్ 289కి 0.017 అంగుళం. షెవర్లే 350 ఇంజన్‌కి కొత్త పాయింట్లయితే 0.019, వాడినవైతే 0.016. క్రైస్లర్ బండి తాళం తిప్పినప్పుడు అందుకుని, తాళం వదలగానే ఆగిపోతే వేరే వెతకొద్దు: బెలాస్ట్ రెసిస్టర్ (ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్ళే కరెంటును తగ్గించే ముక్క) కాలిపోయింది. ఒకటి ఎప్పుడూ డాష్ బాక్సులో ఉంచుకోండి.

ఈ ఇంజన్లలో వాల్వులను తెరిపించే కామ్‌షాఫ్ట్, దాని మీద ఆనే లిఫ్టర్లతో రాసుకుంటూ తిరుగుతుంది. ఆయిల్‌లో జింక్ తక్కువైతే కామ్‌షాఫ్ట్ మీది గుబ్బలు (లోబులు) అరిగిపోతాయి. కొత్త కార్ల పలచటి ఆయిల్ పోయకండి. 20డబ్ల్యూ-50 తీసుకుని, కంపెనీ డేటా షీట్‌లో జింక్ పది లక్షల పాళ్ళలో 1000-1200 ఉందో లేదో చూడండి. ఫిల్టర్‌తో కలిపి 289కైనా 350కైనా 4.7 లీటర్లు పడుతుంది.

బ్రేకులు

1966 దాకా వచ్చిన మస్టాంగ్‌కు మాస్టర్ సిలిండర్‌లో గది ఒక్కటే. ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. రెండు గదుల సిలిండర్ 1967లో వచ్చింది. పాత బండికి ఆ మార్పు చేయించడం మీద ఖర్చు గురించి ఆలోచించవద్దు, ప్రాణం మీద పెట్టే డబ్బు అది. ఇక్కడి తేమకు బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి పూర్తిగా మార్చాలి. వానలో నీళ్ళు దాటాక డ్రమ్ములు పట్టవు. పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి కాస్త దూరం నడిపి ఆరబెట్టండి.

తుప్పు

మస్టాంగ్ కొనేముందు విండ్‌షీల్డ్ కిందున్న జాలీలో ఒక బకెట్ నీళ్ళు పోసి, డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే ఆ జాలీ కింది రేకు భాగం (కౌల్) తుప్పు పట్టింది, ఆ పనికి ముందు భాగమంతా విప్పాలి. కమారో అయితే వెనక అద్దం కింది మూలలు, ఛార్జర్ అయితే వెనక లీఫ్ స్ప్రింగుల బిగింపులు చూడండి. ఈసీఆర్ వెళ్ళొచ్చిన రోజే అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి.

పనిముట్లు, ఖర్చు, కాగితాలు

ఇవన్నీ అంగుళాల బోల్టులు. తల 7/16 అంగుళం ఉన్న బోల్టు 11.1 మి.మీ., 1/2 ఉన్నది 12.7, దానికి 13 స్పానర్ పెట్టి గట్టిగా తిప్పితే తల గుండ్రం అయిపోతుంది. అంబాసిడర్ పని చేసిన పెద్ద వయసు మెకానిక్ దొరికితే వదులుకోకండి. ఆయన దగ్గర అంగుళాల స్పానర్లూ ఉంటాయి, పాయింట్లు, కార్బురేటర్ తెలిసిన చెయ్యీ ఉంటుంది. 1970 దాకా వచ్చిన క్రైస్లర్ బండ్ల ఎడమవైపు చక్రాల నట్లు తిరగమరవి, అంటే మామూలుకు ఎదురు దిక్కులో తిప్పితేనే ఊడతాయి. ఆ సంగతి టైరు షాపులో ముందే చెప్పకపోతే స్టడ్లు విరుగుతాయి.

బేరింగులు, ఆయిల్ సీళ్ళు, బెల్టులు నంబరు, కొలతలతో జీపీ రోడ్డులో, పుదుపేటలో వెతికితే చాలావరకు దొరుకుతాయి. మిగతావి అమెరికా నుంచి తెప్పించుకోవాలి. సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా ఖర్చు కలిపిన మొత్తం మీద పడుతుంది, ఆ పైన ఐజీఎస్టీ. చిన్న చిన్న పార్సిళ్ళుగా కాక ఏడాదికి సరిపడా జాబితా రాసుకుని ఒకేసారి తెప్పించండి. పెట్రోలు లీటరుకు సిటీలో 3-4 కిలోమీటర్లు. నెలకు 200 తిరిగితే 50-67 లీటర్లు, అంటే అయిదారు వేల రూపాయలు పైనే.

యాభై ఏళ్ళు దాటిన బండిని 2021 నిబంధనల ప్రకారం వింటేజ్‌గా రిజిస్టర్ చేయించవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, 10 ఏళ్ళ తర్వాత మళ్ళీ చేయిస్తే 5,000. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతుల వంటి పనులకే రోడ్డెక్కాలి, రోజువారీ వాడకానికి కాదు. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చిన బండికి ఈ అవకాశం ఉండదు. కాబట్టి కొత్త ఇంజన్ దించే ఆలోచన ఉంటే పాతదాన్ని లేత్ షాపులో బోరింగ్ చేయించడానికి ఎంతవుతుందో ముందు కనుక్కోండి.