గ్రీకు సైనికుల కామెడీ సినిమాని ఇంట్లోవాళ్ళకి చూపించాలంటే

నికోస్ పెరాకిస్ 1984లో తీసిన గ్రీకు కామెడీ సినిమా ‘లూఫా కే పరలాయీ’ అంటే నాకు ప్రాణం. ఇంటికి ఎవరొచ్చినా చూపిస్తాను. మొదటిసారి మాత్రం ఏమీ చెప్పకుండా పెట్టేశాను. అరగంట గడిచాక మా బాబాయి అడిగాడు: “ఒరేయ్, వీళ్ళు ఉద్యోగంలో చేరారా, పట్టుకొచ్చారా?”

కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మన దేశంలో మిలిటరీకి ఇష్టమైతేనే వెళ్తాం. గ్రీసులో మగపిల్లలు కొన్నాళ్ళు సైన్యంలో పనిచేసి తీరాలి. సినిమాలో ఉన్నది అలా వచ్చిన కుర్రాళ్ళే. వాళ్ళకి పడిన డ్యూటీ, సైన్యం నడిపే టీవీ స్టేషన్‌లో. గ్రీసులో అలాంటి ఛానల్ నిజంగానే ఉండేది. 1966లో మొదలైంది, మామూలు జనం కూడా చూసేవాళ్ళు. కాబట్టి సినిమా పెట్టేముందు ముందుగా ఇదే చెప్పండి.

తర్వాత ఒక తేదీ చెప్పండి, 1967 ఏప్రిల్ 21. సినిమా కథ ఆ రోజుల్లోదే. ఆ తెల్లవారుజామున ట్యాంకులు ఏథెన్స్ వీధుల్లోకి వచ్చాయి, పాపడోపులోస్ అనే కల్నల్, అతని తోటివాళ్ళు ప్రభుత్వాన్ని లాక్కున్నారు. దేశం రోగి అనీ, కట్టు కట్టి ఉంచాలనీ అనేవాడాయన. డిసెంబరు 13న రాజు ఎదురుతిరిగి, ఓడిపోయి, రోమ్‌కి వెళ్ళిపోయాడు. ఇంతవరకు చెబితే చాలు. ఆ పాలన 1974 దాకా సాగిందని చివర్లో చెప్పుకోవచ్చు.

పేరు అర్థం మాత్రం తప్పకుండా చెప్పండి. ‘లూఫా’ అంటే పని ఎగ్గొట్టడం, గ్రీకు సిపాయిల మాట. ‘పరలాయీ’ అంటే చుట్టూ ఉన్నదాంట్లో కలిసిపోయి కనపడకుండా ఉండటం. భయపెట్టే ఆఫీసర్ల మధ్య ఆ కుర్రాళ్ళు బతికే పద్ధతే అది. ఇది తెలిశాక వాళ్ళ బద్ధకం మీద కోపం రాదు, వాళ్ళ మీద ప్రేమ పుడుతుంది.

నాకు దొరికిన సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులోనే ఉన్నాయి. పెద్దవాళ్ళు చదివేలోపు మాట వెళ్ళిపోతుంది. అందుకే రిమోట్ చేతిలోనే ఉంచుకుంటాను, ఆపి తెలుగులో చెప్పి మళ్ళీ నడుపుతాను. జోకు మాత్రం విడమరచి చెప్పను, మాట చెప్పి ఊరుకుంటాను. నవ్వు వాళ్ళంతట వాళ్ళకే రావాలి.

ఎమర్జెన్సీ చూసిన మనిషి ఒకరైనా గదిలో ఉండేలా చూసుకోండి. మన హైదరాబాద్ దూరదర్శన్ వచ్చిందే 1977లో, ఎమర్జెన్సీ అయిపోయాక. అప్పటిదాకా మనవాళ్ళకి సర్కారు గొంతు అంటే రేడియోనే. రెండోసారి చూసినప్పుడు, థియోడొరాకిస్ అనే గ్రీకు సంగీతకారుడి పాటలు వినకూడదని గ్రీకు సైన్యం 1967 జూన్‌లో ఆర్డరు వేసిందని చెప్పాను. బాబాయి వెంటనే, “మనకీ 1976లో ఆకాశవాణిలో కిశోర్ కుమార్ పాటలు ఆపేశారు కదరా” అని లేచి కూర్చున్నాడు. సినిమా ఆపేసి ఆయన మాటలే విన్నాం. మీరూ సినిమా తర్వాత ఒక గంట ఖాళీ ఉంచుకోండి, ఇలాంటి కబుర్లకి.