తిమ్మిరి, మంట, మొద్దుబారడం: తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోండి

చర్మంలోని గ్రాహకాలు వేడినీ ఒత్తిడినీ పసిగట్టి విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. నరం దాన్ని వెన్నుపాముకు మోసుకెళ్తుంది. ఒక న్యూరాన్ (నరాల కణం) నుంచి ఇంకోదానికి దాటేచోట సన్నని ఖాళీ ఉంటుంది. అక్కడ చాలాసార్లు న్యూరోట్రాన్స్‌మిటర్ అనే రసాయనమే కబురు అందిస్తుంది.

సమస్య: పచ్చిమిర్చి తరిగాక చేతులు భగ్గుమంటున్నాయి, ఎంత కడిగినా తగ్గట్లేదు.
కారణం: 43 డిగ్రీల వేడి దాటితే తెరుచుకునే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్నే మిర్చిలోని ఘాటు పదార్థం క్యాప్సైసిన్ కూడా తెరుస్తుంది. చర్మం కాలకపోయినా మెదడుకు చేరే కబురు 'కాలుతోంది' అనే. 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.
పరిష్కారం: క్యాప్సైసిన్ నీళ్ళకు లొంగదు, నూనెలో కరుగుతుంది. వంటనూనె రాసి రుద్ది, సబ్బుతో కడగండి.

సమస్య: బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కింది.
కారణం: నరం మీద, దానికి రక్తమందించే సన్న నాళాల మీద బరువు పడింది. బరువు తీయగానే నరం ఎడాపెడా సంకేతాలు పంపుతుంది. సూదులు గుచ్చినట్టుండేది అందుకే.
పరిష్కారం: స్పర్శ వచ్చేదాకా లేవకండి, చీలమండ బెణుకుతుంది.

సమస్య: కాలి నుంచి చెప్పు జారినా తెలియట్లేదు.
కారణం: మా పెద్దనాన్న ఒకసారి సంత నుంచి ఒక్క చెప్పుతో ఇంటికొచ్చారు. రెండోది ఎక్కడ జారిందో ఆయనకు తెలియదు. కాలు కడిగి చూస్తే అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉంది, నొప్పే లేదన్నారు. పదిహేనేళ్ళ షుగర్. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ, వాటిని పోషించే సన్న రక్తనాళాలూ పాడవుతాయి. పొడవైన నరాలకు ముందు దెబ్బ తగులుతుంది కాబట్టి పాదాలతో మొదలవుతుంది. మంటగా ఉన్నప్పుడు అందరూ డాక్టర్ దగ్గరికి వెళ్తారు. మంట పోయి మొద్దుబారితే తగ్గిందనుకుంటారు. నాకు భయం వేసేది ఆ దశే.
పరిష్కారం: షుగర్ అదుపులో పెట్టండి. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోండి, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి, వేడినీళ్ళను మోచేత్తో చూశాకే కాళ్ళు పెట్టండి. ఏడాదికోసారి పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళుగా వాడుతుంటే రక్తంలో విటమిన్ బీ12 ఎంతుందో కూడా చూపించుకోండి. అది తగ్గినా ఇదే తిమ్మిరి వస్తుంది.

సమస్య: పొద్దున బాగానే ఉండి, సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతున్నాయి.
కారణం: ఇది మయస్థీనియా అనే, కండరాలు నీరసించే జబ్బు కావచ్చు. నరం అసిటైల్‌కోలిన్ అనే న్యూరోట్రాన్స్‌మిటర్‌ను వదులుతూనే ఉంటుంది. కండరం మీద దాన్ని అందుకునే గ్రాహకాలను రోగాలతో పోరాడాల్సిన మన యాంటీబాడీలే అడ్డుకుంటాయి.
పరిష్కారం: న్యూరాలజిస్టును కలవండి. అసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపే మందులున్నాయి.

సమస్య: ఉన్నట్టుండి ఒక పక్క చేయి, కాలు మొద్దుబారాయి, మూతి వంకర పోయింది, మాట తడబడుతోంది.
కారణం: పక్షవాతం కావచ్చు.
పరిష్కారం: ఇంట్లో ఏ వైద్యమూ చేయకండి. ఎప్పుడు మొదలైందో టైము రాసుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.