ఆచూకీ తెలియని సైనికుల కుటుంబాలకు సంఘం నడపడం: చిత్తూరు, తిరుపతి జిల్లాల వారికి కొన్ని సూచనలు

ఆచూకీ తెలియని సైనికుల కుటుంబాల కోసం స్వచ్ఛంద సంఘం పెట్టదలచినవారు అన్నిటికంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆ మనిషి ఉన్నాడా లేడా అని చెప్పే అధికారం సంఘానికి లేదు. కాగితాలు సమకూర్చడం, తగిన కార్యాలయాన్ని తగిన ప్రశ్న అడిగించడం, వచ్చిన జవాబును కుటుంబానికి ఉన్నదున్నట్టు చెప్పడం మాత్రమే దాని పని. ధైర్యం చెప్పాలన్న తొందరలో "తప్పకుండా వస్తాడమ్మా" అనే నాయకుడు గానీ, "ఇంక మరచిపోండి" అనే నాయకుడు గానీ ఈ పనికి పనికిరాడు.

కుటుంబం వచ్చినప్పుడు మనిషి ఎలా కనబడకుండా పోయాడో మొదట నిర్ధారించుకోవాలి. యుద్ధంలోనో విమాన ప్రమాదంలోనో పోయినవారి విషయంలో సైనిక శాఖే విచారణ జరుపుతుంది, అయితే దానికి ఏళ్లు పట్టవచ్చు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతం మీద అదృశ్యమైంది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. అందరూ మరణించినట్టు భావిస్తున్నామని ఆ సెప్టెంబరులోనే కుటుంబాలకు తెలియజేశారు గానీ, శకలాలు సుమారు 3,400 మీటర్ల లోతున కనిపించాయన్న ప్రకటన 2024 జనవరిలో వచ్చింది.

ఇంతకంటే చిక్కైనది సెలవు ప్రయాణంలో తప్పిపోయినవారి సంగతి. కాట్పాడిలోనో రేణిగుంటలోనో దిగవలసిన జవాను దిగలేదు. ఇంట్లోవాళ్లు ఇంకా యూనిట్‌లోనే ఉన్నాడనుకుంటారు, యూనిట్‌వాళ్లు సెలవు అయిపోయినా రాలేదనుకుంటారు. 1950 నాటి సైనిక చట్టం 106వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా 30 రోజులు హాజరు కాకపోతే సైన్యంలో విచారణ (కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ) జరుగుతుంది, ఆ తరువాత అతడు పారిపోయినవాడిగా రికార్డుకెక్కే ప్రమాదం ఉంది. ఆ మాట ఒకసారి ఎక్కితే కుటుంబ పింఛను కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసి రావచ్చు. కాబట్టి ఆ 30 రోజులలోపే పోలీసు ఫిర్యాదు నమోదు చేయించాలి. రైలులో జరిగింది గనుక మా పరిధి కాదని ఊరి స్టేషన్‌లో అంటే, పరిధితో పనిలేకుండా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చని మర్యాదగానే గుర్తు చేసి, నకలును యూనిట్‌కు, సైనికుల సర్వీసు పత్రాలు ఉండే రికార్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చే రసీదును ఫైలులో పెట్టాలి.

ఫైలు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సంఘం బలమంతా అందులోనే ఉంటుంది. ఆర్మీ నంబరు, సెలవు పత్రం, రైల్వే వారెంటు వివరాలు, చివరిసారి డబ్బు పంపిన బ్యాంకు ఎంట్రీ, చివరి ఫోన్ పిలుపు తేదీ, పెళ్లి, పిల్లల పుట్టుక నమోదైన సైనిక పత్రం (పార్ట్ టూ ఆర్డర్) ఉండాలి. మనవైపు ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు రాస్తాం. సైన్యం రికార్డులో అదే పేరు పూర్తిగా విప్పి చివర ఉంటుంది, భార్య ఆధార్‌లో మరో రకంగా ఉంటుంది. పింఛను దరఖాస్తు ఇంత చిన్న తేడాకే వెనక్కి వస్తుంది. మొదటి రోజే మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. అసలు పత్రాలు సంఘం దగ్గర ఉంచుకోకూడదు. నకళ్లు తీసుకుని అసలువి తల్లికో భార్యకో సంతకం పెట్టించుకుని తిరిగి ఇచ్చేయాలి.

చట్టపరంగా ఏడేళ్ల పాటు ఎవరికీ కబురు లేని మనిషిని మరణించినట్టు భావించవచ్చన్న నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్‌లో ఉంది. అయితే అన్నిటికీ ఏడేళ్లు ఆగనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఆచూకీ తెలియనప్పుడు, పోలీసులు గాలించినా దొరకలేదన్న నివేదిక, మనిషి తిరిగి వస్తే లెక్క చూసుకుంటామన్న హామీ బాండు జతచేస్తే, ఫిర్యాదు నమోదైన ఆరు నెలల తరువాత కుటుంబ పింఛను కోరవచ్చు. సైనికుడి విషయంలో వర్తించే ఉత్తర్వు ఏదో రికార్డ్ ఆఫీసునే రాతపూర్వకంగా అడిగించాలి. జవాబు రాకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చు. సైన్యం ఆ చట్టం పరిధిలోనే ఉంది; సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి బలగాలకు మాత్రం అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు మినహా మినహాయింపు ఉంది గనుక వారి కుటుంబాలను ఈ దారి పట్టించి కాలం వృథా చేయకూడదు.

సంఘం నమోదుకు ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు చాలు. వారిలో సగం మందికి తగ్గకుండా బాధిత కుటుంబాలవారే ఉండాలని నా అభిప్రాయం. మాజీ సైనికాధికారులు తోడుంటే కార్యాలయాలలో మాట చెల్లుతుంది, కానీ పగ్గాలు వారి చేతికిస్తే ఇల్లాళ్లు మాట్లాడడం మానేస్తారు. అమెరికాలో వియత్నాం యుద్ధ కాలాన బందీలైన, ఆచూకీ తెలియని భర్తల గురించి నోరు మెదపవద్దని ప్రభుత్వం చెప్పినా సిబిల్ స్టాక్‌డేల్ వంటి సైనికుల భార్యలే కలిసికట్టుగా నిలిచి 1970లో జాతీయ స్థాయి సంఘం స్థాపించారు. విదేశాల నుంచి వచ్చే విరాళాల విషయంలో జాగ్రత్త అవసరం: భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరివాడు పంపితే మాత్రం అది విదేశీ విరాళం కింద వస్తుంది, దానికి విడిగా అనుమతి కావాలి.

సమావేశాన్ని చిత్తూరులో సోమవారం పెట్టుకుంటే మంచిది. ఆ రోజు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. కుప్పం నుంచి వచ్చినవారికి ఒకే ప్రయాణంలో రెండు పనులూ అవుతాయి. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడింది గనుక పాత అర్జీ ఏ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉందో ముందే కనుక్కోవాలి. సూళ్లూరుపేటవారి కాగితాలు నెల్లూరులో ఉండిపోయి ఉండవచ్చు. బ్రహ్మోత్సవాల రోజులలో తిరుపతిలో సమావేశం పెట్టవద్దు, బస్సు దొరకదు, గది దొరకదు.

తల్లినీ భార్యనూ విడివిడిగా కూర్చోబెట్టి వినాలి. కొడుకు వస్తాడని కొండకు మొక్కుకున్న తల్లి కోడలు పింఛను దరఖాస్తు మీద సంతకం పెట్టడాన్ని ద్రోహంగా చూడవచ్చు. పింఛను తీసుకున్నంత మాత్రాన వెతకడం ఆగదని, మనిషి తిరిగి వస్తే హామీ బాండు ప్రకారం లెక్క చూసుకుంటారని ఓపికగా చెప్పాలి. బొట్టు గురించి, తద్దినం గురించి సంఘంలో ఎవరూ సలహా ఇవ్వకూడదు. మనిషి ఫోటో గోడకు పెడితే దండ వేయకూడదు.

"మీవాణ్ణి పాకిస్తాన్ జైలులో చూశాను, ఖర్చులకు పంపండి" అనేవారు ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ చేస్తారు. అటువంటి కబురు ఏదైనా ముందు సంఘం కార్యదర్శికి చేరాలని, పైసా కూడా పంపకూడదని మొదటి సమావేశంలోనే ఒప్పందం చేసుకోండి. 2008 ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్‌లు ఏటా జనవరి 1న, జూలై 1న తమ చెరలో ఉన్న పౌర ఖైదీల, మత్స్యకారుల జాబితాలు మార్చుకుంటాయి. కబురు నిజమో కాదో కనుక్కోమని విదేశాంగ శాఖకు రాయించవచ్చు.

డీఎన్ఏ నమూనా ప్రస్తావన తెచ్చేటప్పుడు మెల్లగా తేవాలి. 2021 డిసెంబరులో కూనూర్ హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన ఉమ్మడి చిత్తూరు జిల్లా జవాను భౌతికకాయాన్ని ఆ పరీక్షతోనే గుర్తించారన్న సంగతి ఇక్కడివారికి తెలుసు. నమూనా సంఘం సేకరించకూడదు. శాఖ అడిగినప్పుడు ఇవ్వడానికి తల్లిదండ్రులు సిద్ధమో కాదో రాసి ఉంచితే చాలు. 1968లో రోహతాంగ్ వద్ద కూలిన ఏఎన్-12 విమానంలోని నలుగురి భౌతికకాయాలు 2024 సెప్టెంబరులో, 56 ఏళ్లకు దొరికాయి. కాబట్టి ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా, తల్లిదండ్రులు పోయినా రికార్డ్ ఆఫీసుకు కొత్త చిరునామా, తరువాతి వారసుల పేర్లు పంపించడం ఏటా జనవరిలో కార్యదర్శి చేయవలసిన పని. పదవి మారేటప్పుడు ఆ జాబితాను కొత్తవారికి సంతకాలతో అప్పగించాలి.