లాంచ్ ముందు జాగ్రత్తలు: క్రోమ్‌లో కనిపించే ఐఫోన్‌ని నమ్మకండి

గత వారం తెలిసిన డిజైనర్ ఒకతను ఆన్‌లైన్ షాపు సైట్ లాంచ్ చేశాడు. అదే రాత్రి సేల్ మొదలైంది. ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి, ల్యాప్‌టాప్‌ల నుంచి ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. కొన్ని ఐఫోన్లలో మాత్రం పే బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదు. ఎర్రర్ మెసేజ్ లేదు, లోడింగ్ గుర్తు తిరగడం లేదు. కొనడానికి వచ్చినవాళ్లు రెండు మూడుసార్లు నొక్కి చూసి వెళ్లిపోయారు. తెల్లారాక గానీ సంగతి బయటపడలేదు. క్లయింట్ పోయాడు, ఆ క్లయింట్‌ని పరిచయం చేసిన సీనియర్ కూడా మాట పడాల్సి వచ్చింది.

కారణం ఒకే ఒక్క లైను. ఫోన్ నంబర్ సరిచూసే రెజెక్స్‌లో (అక్షరాల వరస సరిపోల్చే సూత్రంలో) లుక్‌బిహైండ్ (వెనక ఏ అక్షరాలున్నాయో చూసే గుర్తు) వాడాడు. క్రోమ్‌లో అది ఏళ్ల నుంచి పనిచేస్తోంది. ఐఫోన్ బ్రౌజర్ సఫారీలోకి మాత్రం 2023 మార్చిలో, 16.4 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు వెర్షన్లలో ఆ లైను తగిలితే ఒక్క నంబర్ చెక్ ఆగిపోయి ఊరుకోదు, ఫైల్ మొత్తం సింటాక్స్ ఎర్రర్‌తో పడిపోతుంది. పే బటన్ కోడ్ కూడా అదే ఫైల్లో ఉంది.

మరి టెస్ట్ చెయ్యలేదా? చేశాడు. క్రోమ్ డెవ్‌టూల్స్ (బ్రౌజర్‌లోనే ఉండే టెస్టింగ్ పనిముట్లు) తెరిచి, పైనున్న లిస్టులో ఐఫోన్ ఎంచుకుని, ప్రతి పేజీ చూశాడు. నేను చూసినంతలో మన పనిలో మనుషుల్ని ముంచేది ఈ ఒక్క పొరపాటే, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. ఆ లిస్టులో ఐఫోన్ ఎంచుకుంటే మారేవి కిటికీ సైజు, పిక్సెల్ రేషియో, టచ్, సర్వర్‌కి పంపే యూజర్ ఏజెంట్ పేరు (నేను ఫలానా బ్రౌజర్ అని చెప్పుకునేది). ఇంజిన్, అంటే కోడ్ చదివి పేజీని తెర మీద చూపించే భాగం, మారదు. లోపల నడిచేది క్రోమ్ వాళ్ల బ్లింకే. ఐఫోన్‌లో నడిచేది వెబ్‌కిట్. ఈ రెండూ 2013లోనే విడిపోయాయి.

"మా కస్టమర్లు ఐఫోన్‌లో కూడా క్రోమే వాడతారు" అనేవాళ్లున్నారు. ఐఫోన్‌లో క్రోమ్ పెట్టుకున్నా లోపల వెబ్‌కిట్టే. యూరోపియన్ యూనియన్ లాంటి చోట్ల చట్టం వేరే ఇంజిన్లకు దారి తెరిచింది గానీ, కస్టమర్ చేతిలో ఉన్నది వెబ్‌కిట్ అనుకునే పని చెయ్యండి. ఇంకో సంగతి. ఐఫోన్‌లో సఫారీ విడిగా అప్‌డేట్ అవ్వదు, ఫోన్ నడిపే ఐఓఎస్‌తోనే మారుతుంది. ఐఫోన్ 7కి ఐఓఎస్ 16 రానే లేదు. ఆ ఫోన్ వాడే మనిషికి "బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోండి" అని చెప్పి లాభం లేదు. అతను చెయ్యగలిగింది ఏమీ లేదు, చెయ్యాల్సింది మనమే.

అసలు ఐఫోన్ చేతికొచ్చాక ముందు చూడాల్సినవి కొన్ని. ఎత్తు 100 వీహెచ్ (అంటే తెర మొత్తం ఎత్తు) ఇచ్చిన స్క్రీన్‌లో అడుగున ఉన్న బటన్ అడ్రస్ బార్ వెనక్కి పోతుంది. అడ్రస్ బార్‌ని బట్టి మారే డీవీహెచ్ యూనిట్ సఫారీ 15.4 నుంచి ఉంది. పాతవాటి కోసం వీహెచ్ లైను పైన ఉంచి, దాని కింద డీవీహెచ్ లైను రాయండి. ఫామ్ బాక్సుల్లో అక్షరం 16 పిక్సెల్స్ కన్నా చిన్నదైతే, వేలు పెట్టగానే పేజీ జూమ్ అయిపోతుంది. వీడియో దానంతటదే మొదలవ్వాలంటే మ్యూట్, ప్లేస్‌ఇన్‌లైన్ (ఫుల్‌స్క్రీన్‌కి పోకుండా పేజీలోనే ఆడమని చెప్పేది) రెండూ ఉండాలి. అవున్నా లో పవర్ మోడ్‌లో మొదలవ్వదు, కాబట్టి వీడియో వెనక ఒక మంచి ఫొటో పెట్టండి. కార్ట్‌ని లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్ తనలోనే డేటా దాచుకునే చోట) దాచి ధీమాగా ఉండకండి. కస్టమర్ ఏడు రోజులు సఫారీ వాడుతూ మీ సైట్‌ వైపు రాకపోతే అది చెరిగిపోతుంది.

ఇక "సఫారీ అయితే ఇది, క్రోమ్ అయితే అది" అని పేరు చూసి కోడ్ రాసేవాళ్లకి. పేరు అబద్ధం చెబుతుంది. క్రోమ్ పంపే పేరులో సఫారీ అనే మాట కూడా ఉంటుంది. ఐప్యాడ్ 2019 నుంచి తనని తాను మ్యాక్ అనే చెప్పుకుంటోంది. 2009లో ఒపెరా 10 వచ్చినప్పుడు సైట్లు మొదటి అంకె ఒక్కటే చదివి అది వెర్షన్ 1 అనుకున్నాయి. చివరికి ఒపెరానే తగ్గి 9.80 అని చెప్పుకోవాల్సి వచ్చింది. పేరు అడగకండి, ఆ ఫీచర్ ఉందా అని అడగండి. పేజీ రూపం రాసే సీఎస్ఎస్‌లో సపోర్ట్స్ రూల్ (ఫీచర్ ఉంటేనే ఈ కోడ్ వాడు అని చెప్పేది) ఉన్నది అందుకే. దానికీ ఒక లొసుగు ఉంది: గ్యాప్ (పెట్టెల మధ్య ఖాళీ ఇచ్చేది) ఉందా అని అడిగితే, గ్రిడ్ అనే అమరికలో మాత్రమే ఉన్నా ఉందనే చెబుతుంది. ఫ్లెక్స్ అనే ఇంకో అమరికలో గ్యాప్ సఫారీకి 14.1తోనే వచ్చింది.

ఫైర్‌ఫాక్స్‌లో ఇంత తలనొప్పి ఉండదు. ఒకసారి తెరిచి అన్ని పేజీలూ తిరగండి చాలు.

ఐఫోన్ లేదంటారా? మ్యాక్ ఉంటే ఎక్స్‌కోడ్ సిమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లోనే ఐఫోన్‌ని నడిపి చూపేది) పాత ఐఓఎస్‌లు కూడా పెట్టుకోవచ్చు. అదీ లేకపోతే బ్రౌజర్‌స్టాక్ లాంటి సర్వీసులు అసలు ఫోన్లని అద్దెకిస్తాయి. వీటన్నిటికన్నా మేలైనది తోటి డిజైనర్ల పరిచయం. పరిచయాలంటే లింక్డ్‌ఇన్‌లో కనెక్షన్ల సంఖ్య పెంచుకోవడం అనుకుంటారు చాలామంది. లాంచ్ ముందు రోజు పాత ఐఫోన్ ఉన్న మనిషికి ఫోన్ చేసి "అన్నా, ఒక్క పది నిమిషాలు" అని అడగగలగాలి, అదీ పరిచయం అంటే. అలా అడగాలంటే అంతకుముందు వాళ్ల సైట్ మీరు చూసిపెట్టి ఉండాలి.

అడిగే పద్ధతి కూడా ఉంది. "మా సైట్ ఎలా ఉందో చూడండి" అంటే బాగుంది అంటారు, అంతే. ఏ పేజీ, ఏ బటన్, ఏం కావాలి, ఏం కాకూడదు, ఇవన్నీ రాసి పంపండి. స్క్రీన్ రికార్డింగ్, ఐఓఎస్ వెర్షన్ అడిగి తీసుకోండి.

మిగతావి వరసగా చెప్పేస్తున్నా.

క్లయింట్ అనుమతి లేకుండా స్టేజింగ్ లింక్ (లాంచ్‌కి ముందు టెస్ట్ చేసే సైట్ లింక్) ఏ గ్రూపులోనూ పెట్టకండి. ఆ లింక్‌కి పాస్‌వర్డ్ ఉండాలి.

పాత డెవలపర్ కోడ్‌ని నలుగురిలో తిట్టకండి. రేపు మీకు పని ఇప్పించేది అతనే కావచ్చు.

బగ్ గురించి సాయం అడిగేముందు సైట్ మొత్తం కాకుండా, ఆ తప్పు కనిపించేంత చిన్న పేజీ ఒకటి తయారు చేయండి. సగం సార్లు అది తయారు చేస్తుండగానే తప్పు దొరుకుతుంది. అది బ్రౌజర్ తప్పే అని తేలితే వెబ్‌కిట్ తప్పులు నమోదు చేసే బగ్‌జిల్లా సైట్‌లో మీ పేరుతోనే రాయండి. మంచి బగ్ రిపోర్ట్ చదివేది ఇంజినీర్లే, వాళ్లకి ఆ పేరు గుర్తుంటుంది.

సీఎస్ఎస్‌లో హ్యాజ్ లాంటి కొత్త సెలెక్టర్‌ని (రూల్ ఏ భాగానికో చెప్పే మాటని) పాతవాటితో కామా పెట్టి కలపకండి. అది అర్థం కాని బ్రౌజర్ రూల్ మొత్తాన్ని పారేస్తుంది. విడిగా రాయండి.

తేదీకీ సమయానికీ మధ్య ఖాళీ పెట్టి రాసి స్క్రిప్ట్‌కి ఇవ్వకండి. పాత సఫారీ దాన్ని తేదీగా ఒప్పుకోదు.

పేమెంట్ కోడ్‌ని వేరే ఫైల్లో ఉంచండి.

క్రోమ్‌లోని ఐఫోన్ ఐఫోన్ కాదు.

శుక్రవారం సాయంత్రం లాంచ్ వద్దు. సేల్ రోజున అసలే వద్దు.

లాంచ్‌కి ముందు రోజు కొత్త లైబ్రరీ వెర్షన్ ఎక్కించకండి. ఎక్కించారంటే టెస్టింగ్ మళ్లీ మొదటినుంచి, మళ్లీ అసలు ఫోన్ల మీదే.

మళ్లీ చెబుతున్నా, క్రోమ్‌లోని ఐఫోన్ ఐఫోన్ కాదు. స్క్రీన్‌షాట్ తీసి క్లయింట్‌కి "ఐఫోన్‌లో చూశాం" అని పంపకండి.

ఏ బ్రౌజర్లు, ఏ వెర్షన్ దాకా అన్నది కొటేషన్‌లోనే రాయండి. నోటిమాటగా వదిలేయకండి.

ఏదైనా తేడా వస్తే ముందు క్లయింట్‌కి, ఆ వెంటనే పరిచయం చేసినవాళ్లకి మీరే ఫోన్ చేసి చెప్పండి. ఏ ఫోన్లలో ఆగింది, ఎప్పటికల్లా సరిచేస్తారు, ఈ రెండూ చెప్పి పనిలోకి దిగండి.