స్నేహితుల ఇంట్లో కష్టాలన్నీ ఒకేసారి వచ్చినప్పుడు మనం చేయగలిగిన పనులు

వ్యాపారం దెబ్బతింటుంది, చేబదుళ్లు పెరుగుతాయి, ఇల్లు బేరానికి పెడతారు, సరిగ్గా ఆ రోజుల్లోనే పదేళ్లుగా ఇంట్లో తిరిగిన కుక్క చనిపోతుంది. విజయవాడ, గుంటూరుల్లో నాకు తెలిసిన ఇళ్లలో ఇవి విడివిడిగా రావడం తక్కువే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడైతే అన్నీ ఒక్కసారే మీద పడ్డవాళ్లు ఉన్నారు. అలాంటప్పుడు స్నేహితులుగా మనం ఫోన్ చేసి, "ఏదైనా అవసరమైతే మొహమాటపడకుండా చెప్పరా" అని పెట్టేస్తాం. వాళ్లు చెప్పరు. అంత కష్టంలో ఉన్న మనిషికి తనకేం కావాలో ఆలోచించుకునే ఓపిక కూడా ఉండదు. అందుకే ఒక పని మీరే ఎంచుకుని, "ఇది నేను చూసుకుంటా, నువ్వు మర్చిపో" అని చెప్పి, పూర్తయ్యేదాకా పట్టుకోండి. ఎలాంటి పనులంటే...

కుక్క పోయినప్పుడు

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది దీన్నే. "కుక్కేగా, ఇంకోటి తెచ్చుకుందువులే" అన్న మాట ఒక్కటి చాలు, ఆ మనిషి మళ్లీ మీ దగ్గర నోరు విప్పడు. దాని పేరు పెట్టి మాట్లాడండి. చివరి రోజు ఏం జరిగిందో అడగండి, వాళ్లు చెప్తుంటే మధ్యలో ఆపకుండా వినండి. చాలామందికి బాధతో పాటు తప్పు చేశామన్న భావన ఉంటుంది, ముందే డాక్టరుకు చూపించాల్సిందని, డబ్బులకు వెనకాడి స్కాన్ వాయిదా వేశామని, లేదా బాధ చూడలేక ప్రాణం తీసే ఇంజెక్షన్‌కి ఒప్పుకున్నామని. అప్పుల్లో ఉన్న ఇంట్లో ఇది ఇంకా ఎక్కువ. దానికి వాదన పెట్టుకోవద్దు. "నీ చేతిలో ఉన్నదంతా చేశావు, నేను చూశాను" అని చెప్పండి, అది నిజమైతేనే చెప్పండి.

అదే రోజు మీరు చేయగలిగిన పెద్ద సాయం ఖననం. అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లకు చోటు ఎక్కడుంటుంది? తాడేపల్లి వైపో గన్నవరం వైపో పొలం ఉన్న బంధువెవరైనా ఉంటే మీరే ఫోన్ చేసి అడగండి, లేకపోతే కార్పొరేషన్ శానిటేషన్ సిబ్బందిని కనుక్కోండి. గొయ్యి కనీసం మూడు నాలుగు అడుగుల లోతుండాలి, లేకపోతే వీధికుక్కలు తవ్వేస్తాయి. బావికీ బోరుకీ దూరంగా తవ్వించండి, మన డెల్టా నేలలో చాలాచోట్ల కొద్ది లోతుకే నీరు పడుతుంది కాబట్టి ఈ విషయంలో జాగ్రత్త అవసరం. ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత నూలు దుప్పట్లో చుట్టి, పైన సున్నం చల్లి మట్టి కప్పాలి. బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో వదిలేద్దామని ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి. ఇంట్లో పిల్లలుంటే, వాళ్లు రావాలనుకుంటే రానివ్వండి, "ఊరెళ్లింది" అని అబద్ధం చెప్పనక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. చనిపోయే ముందు అది చొంగ కారుస్తూ, విచిత్రంగా ప్రవర్తిస్తూ, ఎవరినైనా కరిచిందంటే రేబిస్ అనుమానం పెట్టుకోవాల్సిందే. వెంటనే పశువైద్యుడితో మాట్లాడి, కరిపించుకున్నవాళ్లూ పుండు మీద నాకించుకున్నవాళ్లూ అందరూ ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టేలా చూడండి. టీకా అక్కడ ఉచితం. ఏడుస్తున్న ఇంట్లో ఈ మాట ఎత్తడం ఇబ్బందే, అయినా ఎత్తాలి.

తర్వాత వచ్చే రోజుల సంగతి. మా స్నేహితుడి ఇంట్లో లాబ్రడార్ పోయాక అందరూ వచ్చి ఓదార్చి వెళ్లారు కానీ, ఫ్రిజ్ తలుపులో సగం మిగిలిన సిరప్ సీసా, మంచం కింద పళ్ల గాట్లున్న చెప్పు, వంటింటి మూల స్టీలు గిన్నె అలాగే ఉండిపోయాయి. వాళ్లావిడ వాటిని తీయలేదు, ఎవరినీ తీయనివ్వలేదు. అడిగి, వాళ్లు సరే అంటేనే అలాంటివి ఒక అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టండి, పారేయొద్దు. వాడని మందులుంటే డాక్టరుకు ఇచ్చేయొచ్చు. పొద్దున్నే నడకకు తీసుకెళ్లే సమయానికి ఆ మనిషికి ఏం తోచదు, ఆ టైముకి మీరు వెళ్లి కాసేపు కలిసి నడవండి, మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

కొత్త కుక్కపిల్లను తెచ్చి సర్‌ప్రైజ్ ఇవ్వొద్దు. మనసుకు సిద్ధం కాకపోవడం ఒకటి. రెండోది, పోయింది పార్వో అనే కుక్కల వైరస్ జబ్బుతో అయితే ఆ వైరస్ నేల మీద, మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, టీకాలు పూర్తి కాని పిల్లను అక్కడ వదిలితే అదీ ఆ జబ్బుకే పోవచ్చు. ముందు ఇల్లంతా బ్లీచింగ్‌తో కడగాలి. అద్దె ఇంటికి మారే అవకాశం ఉన్నవాళ్లకైతే అసలు ఆ ఆలోచనే వాయిదా వేయమనండి.

అప్పుల లెక్క

డబ్బు గురించి ఉపన్యాసం ఇవ్వొద్దు. ఎందుకు ఖర్చుపెట్టావు, ఆ చీటీ ఎందుకు ముందే పాడావు, అప్పుడే చెప్పానుగా... ఇవన్నీ అతను తనను తాను రోజూ అడుక్కుంటున్నవే. ఒక తెల్ల నోట్‌బుక్ కొని పట్టుకెళ్లి పక్కన కూర్చోండి. ఎవరికి ఎంత, అసలెంత, వడ్డీ ఎంత, హామీ ఎవరు, బంగారం ఎక్కడుంది, ఖాళీ చెక్కులు ఎవరి దగ్గరున్నాయి, అన్నీ రాయించండి. తలలో తిరిగే అప్పు ఎప్పుడూ కాగితం మీదున్న అప్పు కంటే పెద్దగా కనిపిస్తుంది, కొందరికి మాత్రం రాశాక ఇంకా పెద్దదని తేలుతుంది. ఎలాగైనా తెలియడమే మంచిది.

వడ్డీ ఎక్కువున్నవి ముందు తీర్చాలి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి నెలకు 3 శాతం పైనే పడుతుంది, మినిమమ్ డ్యూ కట్టుకుంటూ పోతే అసలు దాదాపు కదలదు. వీటి పక్కన ఇంటి లోను చాలా చవక. కానీ చాలామంది పరువు పోతుందని వీధిలో తెలిసిన వడ్డీవ్యాపారికి భయపడి బ్యాంకుకు ఎగ్గొడతారు, ఇల్లు తాకట్టులో ఉందన్న సంగతి అప్పటికి గుర్తుకు రాదు. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ అవుతుంది, ఆ తర్వాత 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది, దాని తర్వాత బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేయొచ్చు. కాబట్టి మొదటి వాయిదా తప్పకముందే బ్రాంచికి వెళ్లి గడువు పొడిగింపు అడగాలి. ఆ రోజు మీరూ తోడు వెళ్లండి, మాట్లాడకపోయినా పక్కనుంటే చాలు.

చేబదులు తీర్చేటప్పుడు ప్రోనోటు వెనక చెల్లు రాయించుకోమనండి, మొత్తం తీరాక నోటూ ఖాళీ చెక్కులూ వెనక్కి తీసుకునేదాకా అక్కడి నుంచి లేవొద్దనండి. డబ్బు వీలైనంతవరకు బ్యాంకు ద్వారానే పంపాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది. అది మీరితే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. లోన్ యాప్ వాళ్లు మీకే ఫోన్ చేసి మీ స్నేహితుడిని తిట్టారనుకోండి, ఆ కోపం అతని మీద చూపించకండి. ఆ నంబరు, మెసేజీల స్క్రీన్‌షాట్లు దాచి అతని చేత సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, పోలీసులకు ఇవ్వండి.

మీరు డబ్బు ఇవ్వాలా? తిరిగి రాకపోయినా స్నేహం చెడనంత ఇవ్వండి, అంతకు మించి వద్దు. ఎంత ఇవ్వగలరో మీరే ముందు చెప్పేయండి, "ఇరవై వేలు ఇవ్వగలను, అంతకంటే నా వల్ల కాదురా" అంటే అతనికీ బరువు తగ్గుతుంది. పిల్లల ఫీజు నేరుగా స్కూల్లో కట్టడం, నెల సరుకులు వేయించడం ఇంకా మంచిది, ఆ డబ్బు వడ్డీలోకి పోదు. హామీ సంతకం మాత్రం పెట్టకండి. చట్టం ప్రకారం అప్పిచ్చినవాడు తీసుకున్నవాణ్ని వదిలేసి నేరుగా హామీదారు మీదకు రావచ్చు, అప్పుడు మునిగేది రెండు ఇళ్లు. కాదని చెప్పడం కష్టమే, కానీ ఇది ప్రేమ లేక చేసే పని కాదు.

ఇప్పుడు చెప్పేది అన్నిటికంటే ముఖ్యం. "నేను పోతే ఎల్‌ఐసీ డబ్బులన్నా వస్తాయి", "ఇక నా వల్ల కాదు" లాంటి మాటలు వినిపిస్తే, లేదా ఉన్నట్టుండి బాకీలన్నీ ఎవరివి వాళ్లకు అప్పజెప్పి మనిషి మరీ ప్రశాంతంగా కనిపిస్తే, సూటిగా అడగండి: "చచ్చిపోదామని ఏమైనా అనుకుంటున్నావా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు, అడిగితేనే చెప్తారు. అవునంటే ఒంటరిగా వదలకండి. గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు చేతికందేచోటే ఉంటాయి, వాటిని ఆ క్షణమే అక్కడి నుంచి తీసేసి మీ ఇంట్లో తాళం వేసి పెట్టండి. ఇంట్లోవాళ్లలో ఒకరికి చెప్పండి, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చినా సరే చెప్పండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. ఏదైనా తాగేశారంటే ఏం తాగారో ఆ డబ్బాతో సహా తీసుకుని, 108 పిలిచి ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇల్లు అమ్మేటప్పుడు

బ్యాంకు వేలం దాకా పోకుండా తామే అమ్ముకుంటే చాలావరకు మంచి ధర వస్తుంది, అందుకే ఈ నిర్ణయం తీసుకున్న స్నేహితుణ్ని ఓడిపోయినవాడిలా చూడకండి. ముందు నోరు జాగ్రత్త. సత్యనారాయణపురంలోనో బ్రాడీపేటలోనో ఒక ఇల్లు బేరానికి వచ్చిందంటే "ఎందుకమ్ముతున్నారంట" అని మిమ్మల్నీ అడుగుతారు. అప్పులు అన్న మాట మీ నోటి నుంచి వచ్చిందో, గజానికి ఎంత తగ్గుతుందో చెప్పలేం. అవసరం తెలిసిన పార్టీ ఆగి బేరం చేస్తుంది. ఆషాఢం వస్తే శ్రావణం దాకా ఎలాగూ ఆగుతారు. వరద నీళ్లు వచ్చిన వీధి అయితే ఎంత ఎత్తు వచ్చాయో దాచొద్దని మాత్రం చెప్పండి, అది తర్వాతైనా బయటపడేదే.

ఇల్లు చూడ్డానికి జనం వచ్చే ఆదివారాలు మీరు అక్కడుండండి. బయటివాళ్లు వచ్చి పూజగది వాస్తు బాలేదని, వంటిల్లు ఇరుకని ముఖం మీదే అంటుంటే ఇరవై ఏళ్లు కాపురం చేసిన ఆవిడకు ఎలా ఉంటుంది? ఆవిణ్ని ఆ రెండు గంటలు మీ ఇంటికి తీసుకెళ్లమని మీవాళ్లకు చెప్పి, చూపించే పని మీరు చేయండి.

కాగితాల పని ఇంకా ఉపయోగం. ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్టులు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి వచ్చిన దస్తావేజులు), ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు ఒక ఫైల్లో పెట్టండి. పెద్దల ఆస్తి అయితే అక్కచెల్లెళ్ల సంతకాలు కావాలి, అడ్వాన్స్ తీసుకోకముందే వాళ్లతో మాట్లాడాలి, ఆ మాట చెప్పడానికి కొన్నిసార్లు స్నేహితుడే సరైన మనిషి. బ్రోకరు కమీషను ఎంతో ముందే తేల్చుకోవాలి. అడ్వాన్స్ 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే అంతే మొత్తం జరిమానాగా పడొచ్చు. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొన్నవాళ్లు 1 శాతం టీడీఎస్, అంటే అమ్మినవాళ్ల తరఫున ఆదాయపు పన్ను, పట్టుకుని కట్టాలి, ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. ఇంటి లోను వ్యక్తుల పేరు మీద ఫ్లోటింగ్ రేటుదైతే (వడ్డీ మారుతూ ఉండేదైతే) ముందుగా కట్టేసినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. లోను తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం, 2023 డిసెంబరు నుంచి ఉన్న నిబంధన ఇది. అగ్రిమెంటులో గడువు రాసేటప్పుడు దీన్ని చూసుకోవాలి.

చాలామంది దెబ్బతినేది పన్ను దగ్గర. అమ్మిన డబ్బంతా అప్పులకు కట్టేసినా, ఇంటి మీద వచ్చిన లాభానికి పన్ను పోదు. రెండేళ్లకు మించి ఉన్న ఇల్లయితే 12.5 శాతం, 2024 జులై 23కి ముందు కొన్నదైతే కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి లెక్కేసే 20 శాతం పద్ధతి కూడా పోల్చి తక్కువది కట్టొచ్చు. అందుకే అప్పులవాళ్లకు పంచకముందే ఆడిటర్ దగ్గర కూర్చోబెట్టి ఆ మొత్తాన్ని విడిగా పక్కన పెట్టించండి.

అద్దె ఇల్లు వెతికే పని కూడా మీరు తీసుకోవచ్చు. పిల్లల స్కూలుకు దగ్గరగా చూడండి, ఇంకో కుక్కో పిల్లో మిగిలి ఉంటే ఓనరు ఒప్పుకుంటాడో లేదో మొదటి ఫోన్‌లోనే అడగండి. సామాను మార్చే రోజు భోజనం మీరు పంపండి. గ్యాస్, ఆధార్, బ్యాంకుల్లో అడ్రసు మార్పు పిల్లల చేత చేయించొచ్చు. మారిన నెలలో అందరూ ఫోన్ చేస్తారు, తర్వాత ఆగిపోతారు. మీరు ఆపకండి. ఆ ఏడాది సంక్రాంతికి వాళ్లు ఎక్కడికీ రామంటారు, పండక్కి వారం ముందే మీరే వెళ్లి, భోగి రోజు మధ్యాహ్నం మన ఇంట్లోనే అని చెప్పి రండి.