సీ ఆస్టర్: రేకులు కాదు, ఆకు అంచు చూడండి

ఐరోపా తీరాల్లో పోటునీళ్లు ఎక్కి దిగే ఉప్పు చిత్తడి నేలల్లో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో లేత ఊదారంగు చామంతిలా పూసేది సీ ఆస్టర్. శాస్త్రనామం ట్రైపోలియం పనోనికం. పాత పుస్తకాల్లోని ఆస్టర్ ట్రైపోలియం కూడా ఇదే.

ముందు ఆకును వేళ్ల మధ్య పట్టి చూడండి. సన్నగా, పొడుగ్గా, నున్నగా ఉంటుంది, నొక్కితే లోపల రసం ఉన్నట్టు దళసరిగా తగులుతుంది. దీన్ని పోలిన పువ్వే పూసే, తోటల నుంచి బయటికి పాకిన మైకెల్మస్ డైసీ ఆకు పల్చన. తర్వాత పువ్వును వెనక్కి తిప్పండి. అడుగున పొలుసుల్లా పేర్చిన పచ్చని పత్రాల కొనలు మొద్దుగా ఉండి, అంచు పల్చని పొరలా కనిపిస్తే అది సీ ఆస్టరే. మైకెల్మస్ డైసీలో ఆ కొనలు సూదిగా ఉంటాయి.

చాలామంది తడబడేది రేకుల దగ్గర. చుట్టూ ఊదా రేకులే లేకుండా, పసుపు బొడ్డు ఒక్కటే ఉన్న మొక్కలు ఆగ్నేయ ఇంగ్లండు తీరంలో బాగా కనిపిస్తాయి. అది డిస్కాయిడియస్ అనే రకం మాత్రమే, ఉపజాతి కాదు. దాన్ని గోల్డెన్ సాంఫైర్ అనే మరో తీరపు మొక్క అనుకోకండి: సాంఫైర్‌కు పసుపు రేకులుంటాయి, ఆకు కొన తరచు మూడు పళ్లుగా చీలి ఉంటుంది.

సీ ఆస్టర్‌లో ట్రైపోలియం, పనోనికం అనే ఉపజాతుల్లో ఏదో తేల్చడానికి పదింతలు చూపే భూతద్దం కావాలి. కాండం నడిమి ఆకులు చూడండి, ఒక్క మొక్కతో సరిపెట్టకుండా కనీసం మూడింటివి. అంచు నున్నగా, లేదా అక్కడక్కడా ఒకటి రెండు చిన్న నూగు వెంట్రుకలతో ఉంటే తీరప్రాంతపు ట్రైపోలియం ఉపజాతి. అంచు పొడుగునా పొట్టి వెంట్రుకలు వరసగా ఉంటే పనోనికం ఉపజాతి. ఇది ఆస్ట్రియా, హంగరీ లోతట్టు చౌడు నేలల్లోది, నాయ్‌సీడ్లర్ సరస్సు చుట్టూ చూడొచ్చు. నీళ్లు ఆరిపోయాక అంచున మిగిలిన ఉప్పు పలుకులు అచ్చం నూగులా మెరుస్తాయి. అందుకే ముందు మంచినీళ్లతో కడగండి: ఉప్పు కరిగిపోతుంది, వెంట్రుకలు ఉండిపోతాయి.

సముద్రానికి దూరంగా ఉందని మాత్రమే పనోనికం అని రాసేయకండి. మధ్య జర్మనీ ఉప్పు ఊటల దగ్గర కూడా తీరపు ఉపజాతి పెరుగుతుంది.

మొక్కను పీకనక్కర్లేదు. మొత్తం మొక్క, పువ్వు ముందువైపు, వెనకవైపు, కడిగిన ఆకు అంచు, ఈ నాలుగు ఫొటోలు చాలు. పోటు వేళలు చూసుకుని, నీళ్లు తీసేటప్పుడే చిత్తడిలోకి దిగండి. కాలువలు మీ వెనకనుంచే ముందు నిండుతాయి.