గగనతల నియమాలు మారే వారంలో చిన్న విమానాలు నడిపేవారికి జాగ్రత్తలు

నియమాలు మారుతున్నాయంటే చాలామంది ప్రైవేటు పైలట్లు కొత్తగా ఏం చేర్చారో వెతుకుతారు. నేనైతే ముందు ఏం తీసేశారో చూడమంటాను. కొత్త నియమం మరిచిపోతే రేడియోలో ఎవరో ఒకరు మందలిస్తారు. ఒక నియమం పోయిన చోట మిగిలేది నిశ్శబ్దమే.

ఆస్ట్రేలియాలో జరిగింది ఇదే. జాతీయ గగనతల వ్యవస్థలో '2బి' దశ 2003 నవంబరు 27న అమల్లోకి వచ్చింది. తొందరపడుతున్నారని పైలట్లు, నేల మీది నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్లు ఎంత మొత్తుకున్నా ఆగలేదు. కొన్ని ప్రాంతీయ విమానాశ్రయాలపైన ఉన్న క్లాస్ సీ గగనతలం, అంటే ప్రతి విమానమూ అనుమతితోనే ప్రవేశించాల్సిన చోటు, నియంత్రణ తక్కువుండే క్లాస్ ఇ అయింది. కంటిచూపు మీద, అంటే వీఎఫ్ఆర్ పద్ధతిలో ఎగిరే చిన్న విమానానికి అక్కడ ఇక కంట్రోలర్ అనుమతి అక్కర్లేకపోయింది, తన ఉనికిని, ఎత్తును సంకేతాలుగా పంపే పరికరం, ట్రాన్స్‌పాండర్, ఉంటే సరిపోయేది. ఎక్కడ ఏ రేడియో ఫ్రీక్వెన్సీ వినాలో చూపే సరిహద్దులను చార్టుల (పైలట్ల పటాల) నుంచి కూడా చెరిపేశారు. నెల తిరక్కుండానే, డిసెంబరు 24న, టాస్మేనియాలోని లాన్సెస్టన్ దగ్గర ఒక బోయింగ్ 737 జెట్, టొబాగో అనే ఒక చిన్న విమానం ప్రమాదకరంగా దగ్గరకు వచ్చాయి. తప్పుకోమని జెట్‌లోని టీకాస్, అంటే ఢీకొనే ముప్పును పసిగట్టే పరికరం, హెచ్చరించింది. టొబాగోలో ట్రాన్స్‌పాండర్ పనిచేస్తోంది కాబట్టే ఆ హెచ్చరిక వచ్చింది.

అందుకే మొదటి జాగ్రత్త ట్రాన్స్‌పాండర్ మీద ఉండే చిన్న మీట గురించే. నేల మీద నడిపేటప్పుడు ఏమీ పంపని 'స్టాండ్‌బై'లో పెట్టి, పైకి లేచాక ఎత్తును పంపే 'ఆల్ట్'కు తిప్పడం మరిచినవాళ్లు ఎందరో. ఎత్తు పంపని ట్రాన్స్‌పాండర్ ఉంటే, ఎటు తప్పుకోవాలో టీకాస్ చెప్పలేకపోతుంది. మార్పు రోజుకు ముందే ఒకసారి ఎగిరి, మీ ఎత్తు తెరపై ఎంత కనిపిస్తోందో కంట్రోలర్‌ను అడగండి.

"చూసి తప్పుకో" అన్న సూత్రం మీద మరీ భారం వేయకండి. 250 నాట్ల (గంటకు 250 నాటికల్ మైళ్ల) వేగంతో వచ్చే జెట్‌కు మీరు 110 నాట్లతో ఎదురువెళితే, మధ్య దూరం సెకనుకు 185 మీటర్లు తరిగిపోతుంది. ఎదుటి విమానాన్ని చూసి, గుర్తించి, తప్పుకోవడానికి దాదాపు 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ లెక్క. అంటే రెండు కిలోమీటర్లకు పైగా దూరంలోనే అది మీ కంటబడాలి. పైగా ఢీకొనబోయే విమానం అద్దం మీద కదలదు. అతుక్కున్న దోమలా ఒకేచోట ఉండి, చివరి క్షణాల్లో ఉబ్బుతుంది. అద్దాలు తుడవడం కూడా భద్రతే. ఆకాశాన్ని పది డిగ్రీల ముక్కలుగా, ఒక్కోదాని మీద కనీసం ఒక సెకను చూపు నిలిపి వెతకండి.

రేడియో విషయం. అవసరం లేదన్నారు కదా అని వినడం మానకండి. పాత నియమంలో ఏ ఫ్రీక్వెన్సీ వినేవారో అదే వినండి, అది మారితే కొత్త అంకెను మోకాలి ప్యాడ్ మీద పెద్దగా రాసుకోండి. జెట్ మీ వైపే దిగుతోందని వినిపిస్తే మీ స్థానం, ఎత్తు ఒక్క వాక్యంలో చెప్పండి. మొహమాటపడే చోటు కాదిది.

చార్టులు 28 రోజుల చక్రంలో మారతాయి, అమలు సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. తేదీ పొరబడకండి. సీటు వెనక జేబులోని పాత చార్టును ముందురోజే తీసి ఇంట్లో పెట్టేయండి. ట్యాబ్లెట్ కొత్తదైనా, గాభరాలో చెయ్యి ఆ జేబులోకే పోతుంది.

మొదటి రెండు వారాలు జెట్లు దిగే దారులకు దూరంగా తిరగండి. పక్క సీట్లో ఇంకో పైలట్ ఉంటే మరీ మంచిది.